భజన హాల్లో చెవి పరీక్ష

వీరలక్ష్మి తులసికోట దగ్గర కార్తీక దీపం పెట్టి, తాళాల సంచీ చేతికి తగిలించుకుని భజనకు బయలుదేరబోతుంటే, కూతురు హరిచందన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. చెప్పులు విప్పలేదు. భుజం మీది బ్యాగు దించలేదు. గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

"ఏమైందే? బస్సు దొరకలేదా?"

"దొరికింది. ఇస్నాపూర్ దాకా నిలబడే వచ్చా. వదిలేస్తున్నానమ్మా. ఈ ఏడాది కూడా వదిలేస్తున్నా."

ఏం వదిలేస్తోందో వీరలక్ష్మి అడగక్కర్లేదు. ఆ ఇంట్లో మూడేళ్లుగా నలుగుతున్న మాట అదొక్కటే. హరిచందన వినికిడి పరీక్షల చదువు చదివి పటాన్‌చెరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. వచ్చినవాళ్లకు హెడ్‌ఫోన్లు తగిలించి, చిన్న చిన్న శబ్దాలు వినిపించి, ఎంత వినబడుతోందో కాగితం మీద గీస్తుంది. పొద్దస్తమానం అదే పని. బెంగళూరులో ఒక సంస్థ ఉంది. చెవి, ముక్కు, గొంతు వైద్యంలో పరిశోధన చేయించే మాస్టర్స్ కోర్సు అక్కడ ఉంది. అందులో చేరాలని పిల్ల ఆశ. మొదటిసారి అనుభవం చాలదని తిప్పి పంపారు. రెండోసారి, ఏం పరిశోధిస్తావో మాటల్లో కాదు, చిన్నదైనా సరే సొంతంగా చేసి చూపించమన్నారు.

ఈసారి చేసింది. పాశమైలారంలో సీసాలు నింపే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. రోజంతా గాజు సీసాలు ఒకదానికొకటి కొట్టుకుంటూ బెల్టు మీద పోతుంటే, వాటి పక్కన నిలబడి పనిచేసే ఆడవాళ్ల చెవులు పరీక్షించింది. వాళ్లతో పోల్చడానికి అదే వయసున్న ఇంటిపట్టు ఆడవాళ్లు కావాలంది. "నా భజన వాళ్లున్నారుగా!" అని వీరలక్ష్మి సంబరంగా ఒప్పుకుని, వేళ కూడా తనే చెప్పింది. ఇంద్రేశంలో వాళ్ల లేఔటు చివర భజన హాలు ఉంది. దాని పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న గది. శనివారం భజన అయ్యాక, ప్రసాదం పంచేలోపు, ఒక్కొక్కరినీ ఆ గదిలో కూర్చోబెట్టి హరిచందన పరీక్షలు చేసింది. అలా నాలుగైదు శనివారాలు. దరఖాస్తు పంపడానికి ఈ శుక్రవారమే ఆఖరు.

"ఇంతా చేసి వదిలేయడమేంటే? మీ ఆసుపత్రి డాక్టరుగారు సిఫారసు ఉత్తరం ఇవ్వనన్నారా?"

"ఇస్తానన్నారు. ముందు రీడింగులు చూపించమన్నారు. మొన్న చూపించా." హరిచందన కళ్లు తెరవకుండానే బద్రీనాథ్ డాక్టరు గొంతు అనుకరించింది. "'ఏందమ్మా ఇది? సీసాల కాడ నిలబడేటోళ్ల చెవులు, ఇంట్ల పప్పు వండుకునేటోళ్ల చెవులు ఒక్కతీరుగ ఉన్నయి. మీ అమ్మ దోస్తులు మిక్సీల తలకాయ పెడ్తరా?'"

వీరలక్ష్మికి నవ్వొచ్చింది గానీ కూతురి మొహం చూసి ఆపుకుంది.

"అందుకే కదమ్మా పొద్దున్న నీకూ, పాలు పోయడానికొచ్చిన ముత్యమ్మత్తకీ మళ్లీ చేసింది. ఇద్దరిదీ మారిపోయింది. బాగా వినబడుతోంది. హాల్లో చేసినప్పుడు అంత వినబడలేదు. అంటే మిషన్ తేడా. లేదా నా చేతి తేడా. ఏదైనా ఒకటే. ఫ్యాక్టరీ వాళ్ల రీడింగులు కూడా ఇక నమ్మడానికి లేదు."

లోపలి గదిలోంచి సూర్యప్రకాశరావు కేకేశాడు. "ఎవరు చనిపోయారు? ఏడుపు గొంతు వినిపిస్తోంది!"

ఆయన భారీ యంత్రాల ప్లాంటులో ఇనుము సాగగొట్టే సుత్తుల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చెవి మిషన్ కొనిస్తే బీరువాలో భద్రంగా దాచుకున్నాడు.

"ఎవరూ చావలేదండీ! మీరు టీవీ చూసుకోండి!" అని గట్టిగా అరిచి, వీరలక్ష్మి కూతురి పక్కన ఓ నిమిషం కూర్చుంది. "అన్నం హాట్‌బాక్సులో ఉంది. స్వామిని అడిగి వస్తా," అని లేచింది.

దారంతా గాలిలో ఫ్యాక్టరీల ఘాటు వాసన చలితో కలిసి కిందికి దిగుతోంది. అడగడానికి స్వామి దగ్గరికైతే వెళ్తోంది గానీ, ఏమని అడగాలి? మిషన్ బాగుచేయమని అడగడం సబబేనా?

భజన హాలు చిన్నది. నాలుగు పక్కలా సిమెంటు గోడలు, పైన రేకులు. కార్తీకం కాబట్టి రోజూ భజన ఉంది. మండలిని నడిపే దుర్గాదేవిది తెనాలి వైపు. భర్త ఉద్యోగం వల్ల వీళ్లలాగే ఇక్కడికొచ్చి స్థిరపడిపోయిన మనిషి. గొంతు ఖంగుమంటుంది. మైకు సెట్టు ఆవిడ మొక్కుబడి. ఏడాదికేడాది అది పెద్దదవుతోంది.

"కొంచెం పెంచమ్మా సునందా! ఏం వినబడట్లా నాకు. దేవుడికేం వినిపిస్తుంది?" అని రెండు పాటలకోసారి వెనక్కి తిరిగి సైగ చేసేది. సునంద పెంచేది. స్పీకరు పక్కన డోలకు, ముందు వరసలో తాళాలు. వీరలక్ష్మి చేతివి ఇత్తడి తాళాలు, గుంటూరు బజారులో కొన్నవి. పాట పై కాలంలోకి వెళ్లినప్పుడు అందరూ తాళాలు మొహం ఎత్తుకు లేపి కొట్టేవారు. అప్పుడు ఒళ్లు తెలిసేది కాదు. వంటిల్లు, మోకాళ్ల నొప్పి, పిల్ల పెళ్లి మాట ఎత్తితే పిల్ల మొహం చాటేయడం, అన్నీ ఎటో కొట్టుకుపోయేవి. అందుకే వస్తుందామె. ఆ రోజు కూడా అందుకే తాళాలు గట్టిగా కొట్టింది.

భజన అయ్యాక, ప్రసాదం దొన్నెలతో ముత్యమ్మ, ఆమె కలిసి ఇంటిదారి పట్టారు. ముత్యమ్మ ఇంద్రేశం పాత ఊరి మనిషి. గేదెలున్నాయి. లేఔటుకంతా ఆమే పాలు పోస్తుంది.

"మస్తుగయ్యిందక్క ఇయ్యాల," అంది ముత్యమ్మ. "ఇగ నాకైతే తెల్లారెదాంక చెవుల్ల సామి పాడుతనే ఉంటడు."

"నాకూ అంతే," అంది వీరలక్ష్మి అలవాటుగా.

నిజంగానే చెవుల్లో గుయ్యిమని ఓ నాదం నిలబడి ఉంది. భజన అయిన ప్రతిసారీ ఉంటుంది. మండలిలో అందరికీ ఉంటుంది. దుర్గాదేవి దాన్ని ఓంకారమంటుంది. నామం చేసిన చెవిలో స్వామి కాసేపు ఆగి వెళ్తాడంటుంది. వీరలక్ష్మి ఆ మాటను మనసారా నమ్మింది. భర్త ఉద్యోగంలో ఉండగా నైట్ షిఫ్టులకు పోయినప్పుడు ప్లాంటు క్వార్టర్సులో ఒక్కతే పడుకుని, దాన్ని వింటూ నిద్రపోయిన రాత్రులున్నాయి.

నాలుగడుగులు వేసి ఆమె ఆగిపోయింది.

"ఏందక్క, గట్ల నిలబడ్డవ్? ముల్లు గుచ్చిందా?"

"ముత్యమ్మా, చందూ మనకి పరీక్ష చేసింది ఎప్పుడు?"

"భజన అయినంక గద? ఆ సామాన్ల రూముల."

"ఇవాళ పొద్దున?"

"పొద్దుగాల మీ ఇంట్ల. ఎందుకు?"

వీరలక్ష్మి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. చెవిలో స్వామి పాడుతున్నప్పుడు, బయట హెడ్‌ఫోన్లోంచి చీమ నడిచినంత చప్పుడు చేస్తే ఎలా వినబడుతుంది? ముత్యమ్మ ఇప్పుడు పక్కనే మాట్లాడుతున్నా దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టే ఉంది.

మిషన్‌ది తప్పు కాదు, పిల్లదీ కాదు. ఆ వేళ పెట్టింది తనే.

ఇల్లు చేరేదాకా ఆమె లోపల ఒకటే పెనుగులాట. చెప్తే పిల్లకు మిషన్ మీద, తన చేతి మీద నమ్మకం తిరిగొస్తుంది. కానీ చెప్పడమంటే ఇన్నాళ్లూ స్వామి అనుకున్నదాన్ని చెవికి తగిలిన దెబ్బ అని తన నోటితో తానే అనడం. అలా అనొచ్చా? అంటే ఇక రేపటి నుంచి ఆ నాదం వినిపించినప్పుడు ఏమనుకోవాలి?

హరిచందన అన్నం కెలుకుతూ కూర్చుని ఉంది. వీరలక్ష్మి ఎదురుగా పీట వేసుకుని, మజ్జిగ పోస్తూ, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

హరిచందన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అమ్మా, నేను అడిగాను కదా! అందర్నీ అడిగాను. చెవుల్లో మోత ఉంటుందా అని. ఒక్కళ్లు కూడా ఉందనలేదు!"

"మోతంటే రోగం కదే. ఇది ప్రసాదం అనుకున్నాం. ఎవరు చెప్తారు?"

"పెద్ద శబ్దాల దగ్గర ఉంటారా అనీ అడిగాను."

"భజనని ఎవరన్నా శబ్దమంటారా? నువ్వన్నావా? పుట్టినప్పటి నుంచీ నా ఒళ్లో కూర్చుని విన్నావు. నీకు మాత్రం తోచిందా?"

హరిచందన కంచం పక్కకు జరిపింది. ఫ్యాక్టరీ ఆడవాళ్లను మాత్రం సెలవు మర్నాడు, షిఫ్టు ఎక్కకముందే, పొద్దున్నే పిలిపించి పరీక్ష చేసింది. వాళ్ల చెవులకు విశ్రాంతి ఉండాలని సూపర్‌వైజరుతో వాదన కూడా పెట్టుకుంది. అక్కడ అంత జాగ్రత్తపడ్డ పిల్ల, సొంత లేఔటు హాలుకొచ్చేసరికి, శనివారాలు తను డ్యూటీ దిగి వచ్చేటప్పటికి భజన అయిపోతుంది కాబట్టి, లోపల ఏం జరిగిందో ఆలోచించలేదు.

చివరికి నవ్వింది. అలసిపోయిన నవ్వు. "సరే. మిషన్ బాగానే ఉందన్నమాట. ఫ్యాక్టరీ రీడింగులు నిలబడతాయి. మీ అందరివీ తీసిపారేసి మళ్లీ చెయ్యాలి. దానికి రెండు రోజులు చెవులకి రెస్ట్ ఇవ్వాలి. బుధ, గురు భజన లేకుండా ఉండి శుక్రవారం పొద్దున్నే వస్తే, సాయంత్రానికి పంపించొచ్చు." తల్లి మొహం చూసి ఆగింది. "కార్తీకంలో భజన ఆపమని అడగలేవు కదూ?"

"అడుగుతా," అంది వీరలక్ష్మి. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

మర్నాడు సాయంత్రం మైకు పెట్టకముందే అడిగింది. దుర్గాదేవి హార్మోనియం మీద బట్ట తీస్తూ విని, మళ్లీ చెప్పించుకుని, కళ్లజోడు పైకి తోసుకుంది.

"నామం చేస్తే చెవులు పోతాయా వీరలక్ష్మిగారూ? ఇన్నేళ్ల మీద ఈ రోజు వింటున్నా ఈ మాట."

"నామం వల్లని కాదక్కయ్యగారూ. స్పీకరు..."

"అదేలెండి. మీ అమ్మాయికి సీటు కోసం మేమంతా కార్తీకం మానుకుని నోట్లో బెల్లం పెట్టుకు కూర్చోవాలి. ఫ్యాక్టరీ ఆపమని అడగలేకపోయింది, గుడి ఆపమంటోంది."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ మాటలో కొంత నిజం ఉంది మరి. ఆడది వచ్చి అడిగితే ఆపేది గుడే గాని ఫ్యాక్టరీ ఎక్కడ ఆపుతుంది?

"రెండు దినాలే గదమ్మా," అంది ముత్యమ్మ. "సామి యాడికన్న పోతడా? మా బర్రె ఈనినప్పుడు నేను పది దినాలు రాలె. ఏమన్నడా నన్ను?"

"నీ బర్రెకీ భజనకీ లంకె ఏంటే?"

"మరి వీరమ్మక్క బిడ్డకు, మీ కోపానికి లంకేంది?"

నవ్వులు పెద్దవయ్యాయి. దుర్గాదేవి మాత్రం నవ్వలేదు. "ఇష్టమున్నవాళ్లు మానుకోండి. మైకు మాత్రం ఆగదు," అని శ్రుతి పెట్టేసింది.

మానుకున్నవాళ్లు ఆరుగురు. బుధవారం సంధ్యవేళ వీరలక్ష్మి ఇంటి వరండాలో చాపలు పరిచి, దీపం ముందు గొంతు తగ్గించి సహస్రనామం చదువుకున్నారు. తాళాల్లేవు, మైకు లేదు. పది నామాలు దాటేసరికి ఓ చిక్కు బయటపడింది. ఎవరికెంత వచ్చో తెలిసిపోతోంది. ఇన్నేళ్లూ మైకు చాటున పెదవులు కదిపిన శ్రావ్య వాళ్లమ్మ పుస్తకం అడిగి తీసుకుంది. సునందకు నడుమ నడుమ నామాలే లేవు, "ఓం" మాత్రం అందరికంటే ముందు అనేది. వీరలక్ష్మి తనకంతా కంఠతా వచ్చనుకుంది. రెండుచోట్ల తప్పింది. సూర్యప్రకాశరావు కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటి, మాటలు రావట్లేదా మీకు? పెదాలు మాత్రం ఆడుతున్నాయి!" అన్నాడు. ఆయనకు నవ్వుతూ చేతులు ఊపారు.

హాలు వైపునుంచి మైకు పాటలు గాలికి వచ్చి పోతున్నాయి. వీరలక్ష్మి లేచి ఆ వైపు కిటికీ మూసింది. దేవుడి పాట మీద కిటికీ మూయడం ఆమెకు జన్మలో అదే మొదలు. అపచారమా? చందూ చదువు కోసమే గదా స్వామీ, అనుకుంది. మళ్లీ, చదువు కోసమే అయితే నాకెందుకింత హాయిగా ఉంది, అనుకుంది. ఆ రాత్రి చెవిలో ఏ నాదమూ లేదు. దూరంగా ముంబై రోడ్డు మీద లారీల సద్దు, పక్కమీద భర్త ఊపిరి. బోసిగా అనిపించి చాలాసేపు నిద్రపట్టలేదు.

శుక్రవారం హరిచందన సెలవు పెట్టింది. తెల్లవారినప్పటి నుంచి పడకగది తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టింది. ఆరుగురివీ బాగున్నాయి. వయసుకు తగ్గట్టు ఉన్నాయి. ఫ్యాక్టరీ వాళ్లకూ వీళ్లకూ తేడా స్పష్టంగా కాగితం మీద కనబడింది. ముత్యమ్మ బటన్ నొక్కిన ప్రతిసారీ "ఆఁ, ఇన్న!" అని నోటితో కూడా చెప్పడంతో ఆమెకు రెండుసార్లు చెయ్యాల్సొచ్చింది. చాలా రోజులకు హరిచందన భుజాలు కిందికి దిగాయి. బద్రీనాథ్ డాక్టరుకు ఫోన్ చేస్తే, "జల్దీ పంపియ్యి, సంతకం పెడ్త," అన్నాడు.

మూడింటి కాఫీల వేళకు గేటు చప్పుడైంది. దుర్గాదేవి.

నుదుట పెద్ద బొట్టు, చేతిలో ఏమీ లేదు. "అందరికీ చేసింది, నాకు చెయ్యదా మీ అమ్మాయి?" అంది గుమ్మంలోనే.

"మీరు మైకు దగ్గరే ఉన్నారుగా..."

"రెండ్రోజులూ పెన్‌డ్రైవ్ పాటలు పెట్టించా. అయిదుగురితో ఏం పాడమంటారు? నేను ఇంట్లోనే ఉన్నా." గొంతులో బింకం ఉంది గానీ, కళ్లు వీరలక్ష్మి వైపు నిలకడగా లేవు. "నా చెవులకేం కాలేదని చూపిస్తే మీ అనుమానం తీరిపోతుందిగా."

హరిచందన ఆవిడను కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, బటన్ చేతికిచ్చింది. వీరలక్ష్మి తలుపు దగ్గర నిలబడింది. పిల్ల మీట తిప్పుతోంది. దుర్గాదేవి బటన్ మీద బొటనవేలు పెట్టి, దేవుడి ముందు కూర్చున్నంత శ్రద్ధగా కూర్చుంది. వేలు కదల్లేదు. పిల్ల మళ్లీ తిప్పింది. ఇంకా తిప్పింది. వీరలక్ష్మికి తలుపు దగ్గరికే, హెడ్‌ఫోన్ సందులోంచి, సన్నగా కూత వినిపించడం మొదలైంది.

దుర్గాదేవి ఓపిగ్గా ఎదురుచూస్తూ అంది, "ఇంకా మొదలెట్టలేదా అమ్మా?"

హరిచందన తల్లి వైపు చూసింది. వీరలక్ష్మి చూపు తిప్పుకుంది. 'కొంచెం పెంచమ్మా సునందా' అన్న గొంతు ఆమెకు గుర్తొచ్చింది. ఆవిడకు వినబడక పెంచమంది. పెంచేకొద్దీ ఇంకా వినబడలేదు. ఇదంతా గర్వమనుకున్నారు మండలిలో. తనూ అనుకుంది.

కుడి చెవి కొంత నయం. ఎడమది చాలావరకు పోయింది. పరీక్ష అయ్యాక ఆవిడను ముందు గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తల్లీకూతుళ్లు లోపలికొచ్చారు.

"భజన వల్లేనా?" అంది వీరలక్ష్మి గుసగుసగా.

"చెప్పలేనమ్మా. అయ్యుండొచ్చు. వయసు కావచ్చు, షుగర్ కావచ్చు, పుట్టుకతో కొంత కావచ్చు. అదే కదా నేర్చుకుందామని వెళ్తానంటున్నది." హరిచందన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆరు గీతలున్న చోట ఏడో గీత గీయడం మొదలుపెట్టింది. అది మిగతా వాటికి బాగా కిందుగా పోయింది. ఫ్యాక్టరీ వాళ్లతో ఇందాకటి తేడా ఇప్పుడంత స్పష్టంగా లేదు.

"ఇదెందుకు కలుపుతున్నావు?" వీరలక్ష్మి కంగారుపడింది. "ఇందాకే డాక్టరుగారు సరేనన్నారు కదా. ఆవిడ పిలవకుండా వచ్చింది. ఆరుగురివి చాలవూ?"

"ఆవిడ ఎప్పుడన్నా ఫ్యాక్టరీలో పనిచేసిందా?"

"లేదు."

"మీలాగా ఇంట్లో ఉన్న మనిషేనా?"

"అవుననుకో. కానీ..."

"మరి తీసేస్తే, రెండు రోజులు మీ అందర్నీ నోరు మూసుకోమని ఎందుకన్నట్టు? నాకు నచ్చినవి ఏరుకోవడానికా?" గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తీసుకోకపోతే తీసుకోరమ్మా. వచ్చే ఏడు మళ్లీ పెడతా."

వచ్చే ఏడు అన్న మాటకు వీరలక్ష్మి మనసు చివుక్కుమంది. మళ్లీ ఏడాది ఆ బస్సులు, ఆ నిలబడటం, ఆ గుమ్మంలో కూలబడటం. స్వామిని అడిగింది ఇది కాదు. కానీ సరిగ్గా ఏం అడిగిందో ఆమెకే గుర్తు లేదు.

హరిచందన అడుగున ఏదో రాస్తోంది.

"ఏంటది?"

"మొదట చేసిన పరీక్షలు ఎందుకు పనికిరాలేదో. భజన అవ్వగానే చేశామని."

"భజన అని రాశావా? దేవుడి మీదికి పోతుందేమోనే."

"దేవుడి మీద కాదు. స్పీకర్ మీద రాశాను."

డాక్టరు సంతకం పెట్టిన ఉత్తరం ఫోన్లోకి వచ్చేసరికి పొద్దు వాలింది. కొత్త గీత చూసి ఆయన ఒకటే మాటన్నాడట, "ఖరాబ్ చేసుకున్నవ్ గదమ్మా," అని. సంతకం మాత్రం పెట్టాడు. హరిచందన అన్నీ జతచేసి, కళ్లు నులుముకుని, పంపే చోట నొక్కింది. దరఖాస్తు అందిందని తెరమీద ఓ పంక్తి వచ్చింది. అంతే. ఆమె బల్ల మీద తల వాల్చేసింది.

"నువ్వు చెప్తావా అమ్మా ఆవిడకి? నా వల్ల కాదు ఇప్పుడు," అంది ముఖం ఎత్తకుండానే.

ముందు గదిలో దుర్గాదేవి అప్పటిదాకా కదల్లేదు. కాఫీ గ్లాసు ఒళ్లో అలాగే ఉంది. పక్కన సూర్యప్రకాశరావు టీవీ మోగిస్తున్నాడు. ఇద్దరూ దానివంకే చూస్తున్నారు. వీరలక్ష్మి వెళ్లి టీవీ ఆపింది. కుర్చీ లాక్కొచ్చి దుర్గాదేవికి ఎడమ పక్క వేయబోయి, ఆగి, చుట్టూ తిప్పి కుడి పక్కకు తెచ్చుకుంది. దగ్గరగా కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అక్కయ్యగారూ," అంది, గట్టిగా కాదు, నిదానంగా.